టేపు గీతల లోపల నేనొక్కదాన్నే

ఏళ్లుగా ఒక మాటను లోపలే పెట్టుకుని తిరుగుతున్నాను. మింగుడుపడదు, బయటికి రాదు. నాకు సంతకం వరకే వచ్చు. నోటితో చెబుతున్నాను, రాసేవాళ్లు రాస్తున్నారు. మీరు వినండి.

మా యారాలు, అంటే మా ఆయన అన్న భార్య, బోటీ కూర వండితే శేరిలింగంపల్లిలో మా గల్లీ అంతా గిన్నెలు పట్టుకుని వచ్చేది. కొండాపూర్‌లో వంటల వీడియోలు తీసే ఆఫీసువాళ్లు పిలిచింది ఆమెనే. ఒక్కతే వెళ్లడానికి జంకి నన్ను తోడు తీసుకెళ్లింది.

మొదటి రోజే ఎడిటింగ్ చేసే అమ్మాయి నన్ను పిలిచి కంప్యూటర్‌లో చూపించింది.

"ఆంటీ, వెబ్‌సైట్‌ల పెట్టేది అడ్డం బొమ్మ, ఇద్దరూ పడ్తరు. ఫోన్‌ల పెట్టేది నిలువు బొమ్మ. గదే వీడియోను రెండు దిక్కులా కోస్తం, నడుమ ఉన్నదే మిగుల్తది. పొయ్యి కాడ టేపు గీతలు వేసిన, వాటి లోపలనే ఉండుండ్రి. అక్కకు గూడ జెప్పు."

చెప్పలేదు. గీతల లోపల నేను నిలబడ్డాను.

ఎందుకు? మా ఆయన పోయాక చుట్టాల పెళ్లి ఫొటోల్లో నన్ను నడుమకు పిలిచినవాళ్లు లేరు, పిలవకపోగా జర పక్కకు జరుగమన్నారు. ఆ కసి ఆమె మీద తీర్చుకున్నానా? ఆమె ఏనాడూ నన్ను జరుగమనలేదే!

మా బస్తీలో వెబ్‌సైట్ ఎవరు చూస్తారు? అందరికీ ఫోనే. అందులో నా ముఖం నిండుగా ఉంది. ఆమెది మోచెయ్యి.

"ఏందే చెల్లె, నా మోచెయ్యి హీరోయిన్ అయింది!" అని మొదటిసారి నవ్వింది. ఆఫీసువాళ్లకు కూర పడితే చాలు, తర్వాతి వీడియోలూ అంతే. ఇక నవ్వలేదు. ఆమె బుగ్గ మీద తెల్లటి బొల్లి మచ్చ ఉంది. దాన్ని తడుముకుంటూ అడిగింది.

"దీనికే కోసేస్తున్నరు గదనే?"

"ఏమో అక్కా."

"అంత గలీజుగ ఉన్ననా?"

"నాకేం ఎర్క? ఆఫీసోళ్ల ఇష్టం."

ఒక్క అడుగు లోపలికి జరుగక్కా అంటే సరిపోయేది. అనలేదు.

ఆమె మానేసింది. ఆమె నేర్పిన వంటలే నావని చెప్పుకుని చేశాను. ఇప్పుడామె ఇంట్లో కూడా బుగ్గ మీదికి కొంగు లాక్కుంటుంది. మనవరాలు ఫొటో తీయబోతే లేచి వెళ్లిపోతుంది. నేను చూస్తూ కూర్చుంటాను.

ఆమెకు చదువు రాదు. ఇది అచ్చయినా ఆమెదాకా పోదు. అది తెలిసే చెబుతున్నానా? అవును. ఆ పిరికితనం కూడా రాయండి.

కోసింది మచ్చను చూసి కాదు. నేను చెప్పకపోబట్టే ఆమె కోతలో పోయింది. ఈ మాట మొదటిసారి నా చెవులతో విన్నాను.