అందరికంటే ముందెక్కిన మావయ్యగారు

మా మావయ్యగారికి వేలితో నుదురు తట్టుకుని, "ఇక్కడుండాలమ్మా!" అనడం అలవాటు. అత్తయ్యగారేమో దేనికైనా, "నాకంత తెలివెక్కడిదమ్మా?" అనేవారు.

నర్సాపురంలో పెళ్ళి. ముహూర్తం ముంచుకొస్తోంది. సఖినేటిపల్లి రేవులో, కార్లనీ జనాన్నీ గోదారి దాటించే పంటు ఆగుంది. ముందు దిగిపోవచ్చని మావయ్యగారు అందరికంటే ముందు కారుని పంటు ఆ చివరికంటా పోనిచ్చేరు. నేను కార్లోనే ఉన్నాను. అత్తయ్యగారు మాత్రం నడుచుకుంటూ ఆఖర్నెక్కి, ఎక్కిన చోటే నిలబడ్డారు.

పంటు గోదాట్లో అటుదిటు తిరిగి, నర్సాపురం ఒడ్డున మేం ఎక్కిన చివర్నుంచే అందర్నీ దింపింది. ఆఖర్న మా కారు ఒడ్డెక్కేసరికి అత్తయ్యగారు సోడా తాగుతున్నారు.

మావయ్యగారు నుదురు తట్టుకున్నారు. "చూసేవామ్మా! మీ అత్తయ్యకి సోడా తాగే టైమివ్వాలనే అంత లోపల పెట్టేను."

"ఆయ్, నాకంత తెలివెక్కడిదండీ?" అంటూ అత్తయ్యగారు నాకో సోడా అందించేరు. ముందే కొట్టించి ఉంచేరు.