గుమ్మం దగ్గరి చాడీలకోరు

ఫ్రిజ్జుల మెకానిక్కు పాడైపోయిన వస్తువంటే జాలి. ఇక బాగుపడదని చేతులెత్తేసే మనిషంటే మాత్రం ఒళ్ళుమంట. ఆ యేడు ఆ మంట సొంత భార్య మీదికే మళ్ళింది.

ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. జ్వరమొకటి వచ్చి, పోతూ పోతూ రెండు చెవులూ పట్టుకుపోయింది. ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకుంటుంది. వీపు వెనక పిడుగు పడ్డా తెలియదు. కుట్టుమిషనేమో వెలుతురు కోసం కిటికీ వైపు పెట్టుకుంది, తలుపు ఆమె వీపు వెనక. తలుపు తెరిచి ఉంచితే వీధి దుమ్మంతా కొత్త బట్టల మీదే. వచ్చినవాళ్ళు గంట కొట్టి కొట్టి, ఇంట్లో లేదేమోననుకుని వేరే దర్జీని వెతుక్కోసాగారు.

"మిషను అమ్మేద్దాం బావా," అంది ఒకరోజు.

"చెవులు పోతే చేతులు పోయినట్టా?" అని అతను కేకలేశాడు.

"అరవకు. ఎలాగూ వినపడదు," అందామె.

తలుపు కెమెరాలు బజార్లో దొరుకుతాయి. కానీ మన గుమ్మంలోకి ఎవరొచ్చారో ఆ కంపెనీవాళ్ళ కంప్యూటర్లో ఎందుకుండాలని అతని పట్టుదల. ఒక దుకాణంవాళ్ళు పారేయబోయిన పాత కంప్యూటరు తెచ్చి బీరువా మీద పెట్టాడు. తలుపు పైన కెమెరా బిగించాడు. ఆ కంప్యూటర్లోనే ఉండి, గుమ్మంలో కనిపించినవాళ్ళ ఫొటో తీసి, వాళ్ళెవరో రాసి, ఆమె ఫోనుకి పంపే చాట్ బాట్ ఒకటి తయారు చెయ్యడానికి కూర్చున్నాడు. ఒళ్ళోని ఫోను వణికితే చాలు, ఆమెకు తెలుస్తుంది.

చదివి, రాసి, చెరిపి, మళ్ళీ రాసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మొదటి రోజు పక్కింటి పిల్లి మెట్లెక్కినప్పుడల్లా దాని ఫొటో కింద "తెలియని మనిషి వచ్చారు" అని పంపింది.

"పిల్లికింత మర్యాదేమిటి బావా?" అని ఆమె పడీ పడీ నవ్వింది. చెవులు పోయాక ఆమె అలా నవ్వడం అతను చూడలేదు. ఆ ఊపులో మిగతా పనంతా పూర్తిచేసేశాడు.

వచ్చేపోయేవాళ్ళ ముఖాలు నేర్పాక బాట్ బుద్ధిగా కుదురుకుంది. "పక్కింటి అత్తయ్య వచ్చారు", "పాలాయన వచ్చాడు" అని ఒక్కొక్కరినీ గుర్తుపట్టి చెప్పేది. దాని నోట్లో నువ్వుగింజ నానదని ఆమె దానికి చాడీలకోరు అని పేరు పెట్టింది. వేరే దర్జీల దగ్గరికి పోయినవాళ్ళు తిరిగొచ్చారు, మిషను పక్కన బట్టలు గుట్టపడ్డాయి. అతను మురిసిపోయి తన ముఖం కూడా దానికి నేర్పాడు. సాయంత్రం తాళం తీస్తుండగానే "బావ వచ్చాడు" అని ఆమె ఫోనుకి కబురు వెళ్ళిపోయేది. ఆమె వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తేది. అతను అటునుంచి అటే వంటింట్లోకి పోయేవాడు.

కొన్నాళ్ళకి, భోజనాల దగ్గర ఆమె ముభావంగా కూర్చుంది.

"ఏమైంది? చాడీలకోరు తప్పు చెప్పిందా?"

"అది సరిగ్గానే చెబుతోంది. నువ్వే ఏమీ చెప్పడం లేదు."

అతనికి అర్థం కాలేదు.

"ఇదివరకు నువ్వు రాగానే మిషను చుట్టూ తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడేవాడివి. రోజల్లా ఎవరి గొంతూ వినపడకపోయినా, ఆ కాస్తసేపు నీ మాట నాకు తెలిసేది. ఇప్పుడు నీ ఫొటో వస్తోంది, నువ్వు రావడం లేదు."

కలిపిన ముద్ద అతను కంచంలోనే పెట్టేశాడు. తను ఎంత మంచి పని చేశాననుకున్నాడో, అంత సిగ్గేసింది.

"తీసెయ్యనా?"

"వద్దు. దాని పుణ్యమా అని నా పని నిలబడింది. ఊళ్ళోవాళ్ళందరి సంగతీ దాన్నే చెప్పనీ. నువ్వొచ్చిన సంగతి మాత్రం నువ్వే వచ్చి చెప్పు."

చెయ్యి కడుక్కుని వెళ్ళి, తన ముఖం అందులోంచి చెరిపేశాడు. తెలియని ముఖం కనిపిస్తే అది ఏం చేస్తుందో ఆ తొందరలో గుర్తు రాలేదు.

మర్నాడు సాయంత్రం జేబులో తాళంచెవి వెతుక్కుంటుంటే తలుపు లోపలినుంచే తెరుచుకుంది. మెడలో టేపుతో ఆమె నిలబడి ఉంది, చేతిలో ఫోనూ, ఫోనులో అతని ఫొటో.

"తెలియని మనిషి వచ్చారట," అంది నవ్వు ఆపుకుంటూ. "ఎవరు కావాలండీ?"

అతను సంచి కింద పెట్టి, ఆమెకు ఎదురుగా సర్దుకుని నిలబడి, పెదవులు నెమ్మదిగా కదిపాడు.

"నేనే. వచ్చాను."