రెండు మిషన్లు

నా బిడ్డకు పుట్టినప్పటిసంది వినపడకపోయేది, మాటలు గూడ రాలే. దవాఖానల రెండు చెవులకు ఆపరేషన్ చేసి, చెవెనుక వినపడే మిషన్లు తగిలిచ్చినంక, మాటలు నేర్పే మేడం ఇంట్ల ఒక్క భాషే మాట్లాడుమన్నది. మాది కేసముద్రం దగ్గర తండా. ఇంట్ల లంబాడీ మాట్లాడుకుంటం. బడిల పనికొస్తదని నేను తెలుగే ఖాయం చేసిన.

మా అమ్మకు తెలుగు అంతంతే. పత్తి అమ్మవోతే మార్కెట్ల రెండు ముక్కలు మాట్లాడుతది, గంతే. మనుమరాలి ముందట లంబాడీల ఒక్క మాట జారినా నేను కస్సుమనేటోణ్ణి. "జర నోరు మూసుకొని కూసో అమ్మా, పిల్ల ఆగమైతది" అన్న ఒకసారి. అప్పటిసంది పిల్ల దగ్గరికొస్తే మా అమ్మ నోరు మెదపలే. జడ వేసుడు, అన్నం తినిపిచ్చుడు, అంతా సైగలతోనే.

రెండేండ్లల్ల బిడ్డకు తెలుగు మంచిగ వచ్చింది. ఒకనాడు పొద్దుగాల పిల్ల వాకిట్ల మా అమ్మ ఒళ్లె కూసొని, తన ఎడమ చెవి మిషన్ తీసి, ముసలామె చెవెనుక పెట్టవట్టింది. అది నిలవక జారి కిందవడ్డది. నేను అరుచుకుంట ఉరికిన.

"నాకు రెండున్నయ్ గద బాపూ," అన్నది. "అవ్వకు ఒకటిస్తే మాట్లాడుతది."