సున్నా ఇళ్ల ఊరు

నేను పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఒక ఇంజనీర్ల ఆఫీసులో చేరేనాటికి, దక్షిణాఫ్రికాలో నల్లా తెల్లా అందరూ కలిసి ఓటు వేసి రెండేళ్లు కూడా కాలేదు. పైపు ముఖం చూడని కొండ ఊళ్లకు మంచినీళ్లు ఇచ్చే పని మొదలైంది. అందులో ఒక లోయ లెక్కలు మా ఆఫీసుకు వచ్చాయి. హైదరాబాదులో ప్రోగ్రాములు రాసిన అనుభవం ఉందని నన్ను తీసుకున్నారు.

ఆ లెక్కలన్నీ ఒకే స్ప్రెడ్‌షీట్‌లో ఉండేవి. ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లు, ఎందరు మనుషులు, ఎంత నీరు కావాలి, దానికి ఎంత ట్యాంకు, ఎంత లావు పైపు. దాన్ని తయారుచేసినావిడ ఆ ఆఫీసులో చాలా ఏళ్లుగా టైపిస్టు. పెద్ద పనులు తన రంగు వాళ్లకు ఇవ్వని రోజుల్లోనే, పుస్తకం ముందు పెట్టుకుని తనంతట తాను నేర్చుకుంది. ఆవిడ ముత్తాత చెరకు తోటల్లో పనికి విశాఖ వైపు నుంచి ఓడలో వచ్చాడట. ఇంట్లో, ఆఫీసులో ఇంగ్లీషే మాట్లాడేది. తెలుగు కొన్ని ముక్కలే మిగిలింది, అదీ మా నాయనమ్మ మాట్లాడిన తెలుగు. రైస్‌థార్ప్ అనే పేటలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేది. రోజూ తన కారులో నన్ను ఎక్కించుకునేది. నేను అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను సెల్లీ అనేది.

మాతో పనిచేసే మూడో మనిషి ఆ లోయలోనే పుట్టిన జూలూ అమ్మాయి. ఇంటింటికీ నడిచి, తలలు లెక్కపెట్టి, నోటుపుస్తకంలో రాసుకొచ్చేది.

ఒక శనివారం ఆ లోయలోని బడిలో ఊళ్ల వాళ్లను సమావేశపరిచారు. మేం ముగ్గురం వెళ్లాం. జూలూ అమ్మాయి షీటు చూసి, మొత్తం ఇన్ని ఇళ్లకు నీళ్లు వస్తాయని చదివింది. వెనక బెంచీ మీదున్న ముసలమ్మ లేచి నిలబడింది.

"ఇది తక్కువ. మా ఇంట్లో టీ తాగుతూ నువ్వు నాకు ఇంతకన్నా ఎక్కువ చెప్పావు" అంది జూలూలో.

అమ్మాయి నోటుపుస్తకం తీసింది. అందరూ చూస్తుండగానే పెన్సిలుతో కూడింది. ముసలమ్మ చెప్పిందే నిజమైంది.

ఆఫీసుకు వచ్చి షీటు తెరిచాం. మొత్తం కట్టే ఫార్ములా ఒక వరుస దగ్గర ఆగిపోయింది. తర్వాత చేర్చిన నాలుగు ఊళ్లు దాని దిగువన ఉన్నాయి. కాగితం మీద కనిపిస్తాయి, కూడికలోకి రావు. ఆ మేరకు ట్యాంకూ చిన్నదైపోయింది. ఆ నాలుగూ కొండ మీద, పైపు చివర ఉన్న ఊళ్లు. అక్కడ కుళాయి ఉంటుంది, నీళ్లు ఉండవు.

పెద్ద ఇంజనీరు అరవలేదు. ఇక షీటు వద్దు, నువ్వో ప్రోగ్రాం రాసెయ్ అన్నాడు నాతో. అక్క తన బల్ల మీది డిస్కులన్నీ తెచ్చి నా ముందు పెట్టింది.

"నాను టైపింగే సేసుకుంటాను సెల్లీ. ఇంక దీన్ని ముట్టను."

ప్రోగ్రాం రాయగలను. కానీ రాస్తే దాని లోపల ఏముందో నాకొక్కదానికే తెలుస్తుంది. ముసలమ్మ తప్పు పట్టుకోగలిగింది ఆ అంకె ఆవిడకు అర్థమయ్యేది కాబట్టి. హైదరాబాదులో మేం మాత్రం తప్పులు చేయలేదా? అయితే అక్కడ ఒకరు రాసింది ఇంకొకరు చదవందే బయటికి పోయేది కాదు. ఆ పద్ధతే షీటుకూ పెడదాం, మూడు వారాలు ఇవ్వండి అన్నాను. ఇంజనీరు ఒప్పుకున్నాడు. అక్కను ఒప్పించడానికే నాలుగు రోజులు పట్టింది. నేను కడతాను, నువ్వు చదివి తప్పులు పట్టు అంటే చివరికి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

బయటి నుంచి వచ్చే అంకెలన్నీ ఒక పేజీలో పెట్టాం, లెక్కలు ఇంకో పేజీలో. మనిషికి రోజుకు ఇన్ని లీటర్లు అన్న అంకె అంతకుముందు ప్రతి ఫార్ములాలోనూ దూరి ఉండేది. దాన్ని ఒక్క గడిలో ఉంచి, పేరు పెట్టి, మిగతావన్నీ అక్కడి నుంచే తీసుకునేలా చేశాం. మొత్తాన్ని రెండు దారుల్లో కట్టి, తేడా సున్నా కాకపోతే గడి ఎర్రబడేలా పెట్టాం. ఎవరు ఏం మార్చినా రాయడానికి ఒక రిజిస్టరు. చివరగా మూడు ఇళ్ల ఉత్తుత్తి ఊరు ఒకటి కల్పించి, దాని జవాబు చేత్తో కట్టి పెట్టుకున్నాం. షీటులో ఏం మారినా ముందు ఆ ఊరి జవాబు సరిగ్గా రావాలి.

జూలూ అమ్మాయి అది చూసి, ఇళ్లే లేని ఊరు కూడా ఒకటి పెట్టమంది. ఎందుకని అడిగాను.

"అవతలి గట్టు మీద మా మేనత్త వాళ్ల ఊరు ఎన్నికల ముందు గొడవల్లో కాలిపోయింది" అంది. "ఇప్పుడు అక్కడ సున్నా. కానీ వాళ్లు తిరిగి వస్తారు. వరుస ఉండాలి."

ఆ ఊరికి కొత్త వరుస చేర్చి సున్నా కొట్టాను. ఆ వరుస పొడవునా తప్పు గుర్తులు పడ్డాయి. అవి చివరి మొత్తం దాకా పాకాయి. అక్క తెర మీదికి వంగి ఫార్ములాలు ఒక్కొక్కటే వేలుపెట్టి చదివింది. ఇంటికి సగటున ఎందరన్నది కట్టే చోట వేలు ఆపింది.

"సున్నాతో బాగించేవు సెల్లీ. ఇది నాను సేసింది కాదు."

కాదు, నేను చేసిందే. పదేళ్లు ప్రోగ్రాములు రాసినదాన్ని, మనుషులు లేని ఊరు ఉంటుందని నాకు తట్టలేదు. సిగ్గేసింది. అక్క మాత్రం ఇన్నాళ్లకు నవ్వింది. రిజిస్టరు తెరిచి, తప్పేమిటో, ఎవరు చేశారో, ఎవరు పట్టుకున్నారో పొందికైన అక్షరాలతో రాసింది. ఆ తర్వాత డిస్కులన్నీ ఎత్తుకుని తన బల్ల మీదికి తీసుకుపోయింది. నేను ఆపలేదు.

పైపులు ఇంకా కొనలేదు కాబట్టి కొత్త కొలతలతో పెద్ద ట్యాంకు గీయించారు. తర్వాతి సమావేశంలో ముసలమ్మ మళ్లీ పెన్సిలుతో కూడమంది. ఈసారి రెండూ ఒక్కటే వచ్చాయి. ఆవిడ తల ఊపి కూర్చుంది, అంతే.

మరుసటి చలికాలంలో ఆ అమ్మాయి ఫోను చేసింది. గట్టు మీదికి ఏడు కుటుంబాలు వచ్చాయట. అక్క సున్నా తీసి ఏడు కొట్టింది. ఉత్తుత్తి ఊరి జవాబు చూసుకుంది, తేడా గడి చూసుకుంది, అప్పుడు ప్రింటు తీసి ఇంజనీరుకిచ్చింది.

నీళ్లు వదిలిన రోజు నాకు జ్వరం, వెళ్లలేదు. వాల్వు బిగుసుకుపోయి చాలాసేపు తిరగలేదని, అంతసేపూ ఆడవాళ్లు పాడుతూనే ఉన్నారని అక్క మర్నాడు కారులో చెప్పింది. కుళాయి దగ్గరి బురదలో చెప్పులు పాడైపోయాయట. పక్క ఆఫీసు వాళ్లు తమ షీట్లు చదివిపెట్టమని తనను అడిగారని, సోమవారం నుంచి వెళ్తున్నానని కూడా అంది. వాళ్లకూ ఒక రిజిస్టరు కొనాలంటూ కారును కొట్టు వైపు తిప్పింది.