అవ్వతో తాగిన చేదు

మా పక్కింటి అవ్వ పోయిందన్న కబురు నేను మణుగూరు బస్టాండులో ఉండగా తెలిసింది. మీటింగు ఉంటే వెళ్లాను. మా అడవి ఊరికి ఉన్నదే ఒక బస్సు, అదీ సాయంత్రం. నేను చేరేసరికి మట్టి చేసి అందరూ ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. నాకు ఆఖరిచూపు దక్కలేదు.

నేనిక్కడి బడిలో టీచర్ని. నా అన్నవాళ్లెవరూ లేని ఊళ్లో, వచ్చిన మొదటి వానల్లోనే మలేరియా పట్టుకుంది. ఉన్న దుప్పట్లన్నీ కప్పుకున్నా వణుకు ఆగలేదు. అప్పుడు చేతిలో మూత గిన్నెతో తలుపు తోసుకుని వచ్చింది అవ్వ.

"ముందుగాల ఆశా వర్కరు కాడ రక్తం చూపించుకున్నవా?"

అవునన్నాక గానీ మూత తియ్యలేదు. లోపల నేలవేము కషాయం. వాసనకే ముక్కు మూసుకున్నాను. ఆమె రెండు గ్లాసుల్లో పోసింది.

"నీకెందుకవ్వా? నీకు జ్వరం లేదు కదా?"

"చేదు ఒక్కరే తాగొద్దు బిడ్డా. గోలీ జ్వరానికి, తోడు మనిషికి," అని తన గ్లాసు గటగటా తాగేసింది.

అది ఆమె పద్ధతి. ఎవరికి కాచి ఇచ్చినా తనూ పక్కన కూర్చుని తాగేది. జ్వరాల కాలమంతా పాపం ఆమె నోరు చేదే. తాగాక గ్లాసు బోర్లించి చూపించాలి. చుక్క రాలిందా, దొంగ దొరికినట్టే. ఓసారి నేను చాటుగా బెల్లం కలిపితే ఒక్క గుక్కకే పసిగట్టింది. "గిదేంది టీచరమ్మా, చీమలకు చేసినవా మందు?" అని దగ్గొచ్చేదాకా నవ్వింది.

బదిలీకి పెట్టుకోమని తోటి టీచర్లు ఎంత చెప్పినా నేను కదలనిది ఆ నవ్వు కోసమే. ఇప్పుడు గోడ అవతల దగ్గు కూడా వినపడదు. బడి వదిలాక ఇంటికి రావాలంటే దిగులుగా ఉంటోంది.

ఈ వానల్లో నాకు మళ్లీ జ్వరం వచ్చింది. రక్తం చూసి గోలీలిచ్చారు. నా చూరుకు ఆమె కట్టిపోయిన నేలవేము కట్ట దింపి నేనే కాచుకున్నాను. కానీ గదిలో ఒక్కదాన్నే తాగలేకపోయాను. గ్లాసు పట్టుకుని వెళ్లి ఆమె గడప మీద కూర్చున్నాను. తలుపు గొళ్లేనికి ఎవరో తాడు చుట్టారు. కళ్లు మూసుకుని తాగి, అలవాటుగా గ్లాసు ఆ తలుపు వైపు బోర్లించాను.

చుక్క రాలింది. ఎవరూ ఏమీ అనలేదు.