ఎర్రకారు నాలుగో క్లచ్

నా చిన్నప్పుడు విడవలూరులో మనుషులతో సమానంగా ప్రార్థనలు అందుకున్న కారు ఒకటి ఉండేది. రెండే తలుపులు, నేలను రాసుకుంటూ పోయేంత తక్కువ ఎత్తు, కంటికి గుచ్చుకునే ఎరుపు. మా తీరం పొడుగునా రొయ్యల గుంటలు కొత్తగా వెలుస్తున్న రోజులవి. గుంటలు తవ్వించిన ఒక పెద్దాయన కొడుకు దాన్ని మద్రాసు నుంచి తెచ్చుకున్నాడు. పందేల కోసం అక్కడి మిస్త్రీలు ఇంజను విప్పి, మళ్ళీ కూర్చి, మామూలు కారుకు ఉండే బలానికి రెండింతలు రాబట్టారు. అతన్ని పిల్లలందరం ఎర్రకారన్న అనేవాళ్ళం. వాళ్ళమ్మను పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం. మా చర్చి సంఘంలో ఆమెకంటే ముందు మోకరించి, ఆమె తరువాత లేచిన మనిషి నాకు గుర్తు లేదు.

మా తాతయ్యకు బస్టాండు పక్కన రేకుల షెడ్డు ఒకటి ఉండేది. ట్రాక్టర్ల, లారీల క్లచ్ ప్లేట్లు అరిగిపోతే వాటికి కొత్త లైనింగు, అంటే పట్టునిచ్చే పై పొర, పెట్టి రివెట్లు కొట్టడం ఆయన పని. ఆదివారం ఆయన సంఘ పెద్ద. ఎంత రుద్దినా ఆ చేతుల నలుపు పోయేది కాదు. ఆ చేతులతోనే ప్రభు బల్ల దగ్గర, క్రీస్తు శరీరానికి గుర్తుగా అందరం తీసుకునే రొట్టె పళ్ళెం అందించేవాడు.

క్లచ్ సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఇంజను ఎంత జోరుగా తిరిగినా ఆ తిరుగుడు చక్రాలదాకా చేరాలంటే మధ్యలో ఒక గుండ్రటి బిళ్ళ దాన్ని కరుచుకోవాలి. పెడలు తొక్కితే వదలాలి, కాలు తీస్తే పట్టాలి. పట్టు జారిందంటే ఆ రాపిడికి మాడిపోతుంది. పట్టూ విడుపూ, దాని బతుకంతా అంతే.

ఎర్రకారు రెండు నెలల్లో అలాంటివి మూడు మాడ్చింది. మొదటిది మామూలు ప్లేటు. ఇంత ఇంజనుకు ఇది చాలదన్నారు. రెండోది ఇంకా మందంది. మూడోది పందేల కార్లకు వేసే రాగి బిళ్ళల ప్లేటు. మూడూ మద్రాసు నుంచి బస్సులో పార్సిలుగా ఇంటికి వచ్చాయి. మూడింటినీ నెల్లూరు మిస్త్రీ బిగించాడు. ప్రతిసారీ వారం తిరగకుండానే మైపాడు రోడ్డు మీద కాలిన వాసన వచ్చి బండి ఆగిపోయేది. ట్రాక్టరుకు తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చేవాళ్ళు. మూడోసారి వాళ్ళ నాన్న నలుగురి ముందే అనేశాడు.

"ఇంకో తడవ ఇది ట్రాక్టరు తోక పట్టుకోని ఇంటికొచ్చిందా, ఆ సాయంత్రానికే అమ్మేస్తా. నువ్వు పొయ్యి గుంటల కాడ కాపలా ఉందువుగాని."

మద్రాసు పందేనికి ఇక నాలుగు వారాలే ఉన్నాయి. అన్న బాధ అది.

పెద్దమ్మ బాధ వేరు. కొడుకు వేగానికి భయపడి ఆమె ఆ కారు కోసం రోజూ ప్రార్థన చేసేది. ప్రార్థించేకొద్దీ అది మాడుతోంది. రెండు నెలలుగా ఆమె ప్రభు బల్లలో పాలుపొందడం మానేసింది. పళ్ళెం తన ముందుకు వస్తే ముట్టకుండా పక్కకు జరిపేది. ముందు చాప మీద కూర్చునే నేను అది చూశాను. మా అమ్మమ్మ ఒకసారి నెమ్మదిగా అడిగింది.

"నా ప్రార్థన పైకి పోవడంలేదక్కా," అంది పెద్దమ్మ. "నేను చెయ్యి పెట్టిందల్లా మాడిపోతావుండాది. దేవుడికి నా మీద ఏదో ఉండాది."

పదకొండేళ్ళ దాన్ని. అయినా ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

తరువాతి శనివారం అన్న మాడిన మూడో ప్లేటును గోనెపట్టాలో చుట్టుకుని మా షెడ్డుకు వచ్చాడు. నేను పాత టైరు మీద కూర్చుని రివెట్లను సైజుల వారీగా వేరు చేస్తున్నాను. ఇంతవరకు లారీల పనివాడని మా తాతయ్యను అతను అడగలేదు. ఇప్పుడూ అడగడానికి రాలేదు, చెప్పడానికి వచ్చాడు. బయటి దేశం క్లచ్ ఒకటి ఉందట, రెండు ప్లేట్లు కలిపి ఉంటాయట, తెప్పిస్తాడట.

"గట్టిది, ఇంకా గట్టిది అంటా పోతే ఆఖరికి ఇనప గోడ బిగిస్తావా అబ్బయా?" అన్నాడు మా తాతయ్య.

"ఇంజను అట్టాంటిది మామా. తట్టుకోవాల గదా."

"ఇంజను సంగతి చెప్పినావు. గేరు పళ్ళ సంగతి చెప్పు. నీ ఎడమ కాలి సంగతి చెప్పు."

అన్న నవ్వాడు గానీ కూర్చున్నాడు. ఆ రోజు తాతయ్య చెప్పింది నాకు ఇప్పటికీ మాటకు మాట గుర్తుంది. రాగి బిళ్ళల ప్లేటు వేడిని ఓర్చుకుంటుంది. కానీ మెల్లగా పట్టడం దానికి చేతకాదు, ఒక్క దెబ్బన పట్టేస్తుంది. ఆ దెబ్బ గేర్‌బాక్సు తినాలి. స్ప్రింగులు మరీ బిరుసువి వేస్తే పెడలు తొక్కలేక కోవూరు చేరేసరికి కాలు చచ్చుబడుతుంది. పందెం నెలకు ఒకరోజు. మిగతా రోజులు ఈ బండి సంతలో, ఎద్దుల బండ్ల వెనక, బడి పిల్లల మధ్య పోవాలి. క్లచ్‌ను ఇంజను బలం ఒక్కటే చూసి కొనకూడదు. దాని వెనక ఉన్నవి ఎంత మోయగలవో, తొక్కేవాడు ఎంత తొక్కగలడో చూసి, ఇంజనుకు కావలసిన దానికంటే కొంచెం ఎక్కువ పట్టు ఉన్నది తీసుకోవాలి. కొంచెమే. లైనింగులో ఇత్తడి తీగ కలిపి నేసిన రకం ఒకటి ఉంది, దాన్ని ఒత్తిపట్టేందుకు తగిన ప్రెషర్ ప్లేటుతో వేస్తే ఏళ్ళ తరబడి మన్నుతుంది.

"మరి ముందరివి ఎందుకు పొయినాయి? రాగిది కూడా పొయిందే," అన్నాడు అన్న.

తాతయ్య అప్పుడు గోనెపట్టా విప్పి ఆ ప్లేటును వెలుతురుకు పట్టుకున్నాడు. బొటనవేలితో రాసి చూశాడు. మధ్యలో, రివెట్ల గుంటల్లో, మాడకుండా కొంచెం జిడ్డు మిగిలి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నేనూ వంగి వాసన చూశాను.

ఇంజను ఆయిలు వాసన, ఆ షెడ్డులోనే పుట్టి పెరిగినదానిలా, నాకు బాగా తెలుసు. ఇది అది కాదు. కొబ్బరినూనెలో మరువం వేసి కాచిన వాసన. శుక్రవారం ఉపవాస కూడికలో జ్వరం పిల్లల నుదుటికి రాసే ప్రార్థన నూనె. దాన్ని కాచి తెచ్చేది పెద్దమ్మే.

"తాతా, ఇది పెద్దమ్మ..." అన్నాను.

"ఆ రివెట్లు కలిపేసినట్టుండావే అమ్మే," అన్నాడాయన నా మాట మీదే. "మళ్ళా మొదటినుంచి ఏరు." అన్నవైపు తిరిగి, ప్లేటుకు జిడ్డు తగిలిందనీ, ఇత్తడి తీగ రకం కొత్తది ఇంటికి కాకుండా నేరుగా షెడ్డుకే తెప్పించమనీ, బిగించడం తానే చూసుకుంటాననీ చెప్పి పంపించాడు. జిడ్డు ఎక్కడిదని అతను అడిగాడు. "వెతుకుదాంలే," అన్నాడు తాతయ్య.

అతను వెళ్ళాక నాకు కోపం వచ్చింది. ఉన్నదే కదా చెప్పబోయాను. తప్పేమిటి?

"చెప్పబాకమ్మే. ఎవురికీ చెప్పబాక," అన్నాడు. "ఆమె చెప్పుకుంటే సాక్ష్యం. మనం చెప్తే చాడీ."

కొత్త ప్లేటు వచ్చేదాకా ఆ వారం రోజులు ఆ మాటను నోట్లో పెట్టుకుని తిరగడం నాకు ఎంత కష్టమైందో ప్రభువుకే తెలుసు.

ప్లేటు వచ్చిన రోజు మధ్యాహ్నం తాతయ్య నన్ను పెద్దమ్మ ఇంటికి పంపాడు. బండికి క్లచ్ బిగించబోతున్నాం, వచ్చి ప్రార్థన చేసి పొమ్మని. ఆయన ఎందుకు పిలుస్తున్నాడో నాకు అర్థం కాలేదు. మళ్ళీ రాస్తుంది కదా అనుకున్నాను. ఆమె వచ్చింది. చేతిలో సీసా ఉండనే ఉంది.

కొత్త ప్లేటు కాగితం మీద ఉంది. ఆమె చెప్పులు బయట విడిచి, నెత్తిన ముసుగు వేసుకుని, సీసా వంచి రెండు అరచేతుల నిండా నూనె పోసుకుంది.

"చెల్లెమ్మా, ముందు నాకొక సాయం," అన్నాడు తాతయ్య. "నా చేతులకు గ్రీజు ఉండాది. ఈ డబ్బా మూత కొంచెం తిప్పియ్యి."

అది రివెట్ల డబ్బా. మూత తిప్పి తీసేది. పెద్దమ్మ పట్టుకుని తిప్పింది. జారింది. రెండో చేత్తో తిప్పింది. మళ్ళీ జారింది. మోకాళ్ళ మధ్య ఇరికించుకుని తిప్పింది.

"ఏందన్నా, బండికి బిగించాల్సింది దీనికి బిగించినావే," అంది నవ్వుతూ.

"నేనేడ బిగించినాను? పాప రోజూ తీస్తానే ఉండాది."

ఆమె కొంగుతో అరచేతులు బాగా తుడుచుకుంది. డబ్బాను కూడా తుడిచింది. ఈసారి మూత ఒక్క తిప్పుకే వచ్చింది.

మూత ఇంకా చేతిలోనే ఉంది. కొంగు మీది మరకను చూసింది. సీసా చూసింది. కాగితం మీద పొడిగా ఉన్న ప్లేటును చూసింది. తాతయ్య ఆమెవైపు చూడటం లేదు. తన ఎడమ చేతిలోనే ఉన్న సుత్తి కోసం బల్ల కింద వెతుకుతున్నాడు.

పెద్దమ్మ నెమ్మదిగా స్టూలు మీద కూర్చుంది.

"మూడు తడవలూ నేనేనా అన్నా?"

తాతయ్య ఊఁ అన్నాడు.

ప్లేటు పార్సిలు వచ్చిన ప్రతి రాత్రీ అది వాళ్ళ ముందు గదిలోనే ఉండేదట. అందరూ పడుకున్నాక మొదటిదానికి వేలితో సిలువ గుర్తు పెట్టిందట. అది మాడితే, తన విశ్వాసం చాలలేదనుకుని రెండోదానికి గరిటెడు పోసిందట. మూడోదానికి రెండువైపులా రుద్దిందట. కొడుకు నవ్వుతాడని, ప్రతిసారీ పైన కనపడకుండా తుడిచి మళ్ళీ పార్సిల్లో చుట్టిపెట్టేదట. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

"మాడేకొద్దీ ఎక్కువ పోసినానే. నా బిడ్డను కాపాడమని పోసినానే."

తాతయ్య సుత్తి పక్కన పెట్టాడు. "నీ ప్రార్థన పైకే పొయింది చెల్లెమ్మా. నూనె ఒక్కటే కిందుండిపొయింది."

ఆమెకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. నాకూ వచ్చింది. తాతయ్య మాత్రం నవ్వలేదు. "దీన్ని పట్టుకోవడానికి చేసినారు. దీనికి నూనె పడదు. పిల్లోడి తలకు రాయి. వాడికి పడుద్ది," అన్నాడు. వాడి చేయి స్టీరింగు మీదా, కాలు పెడలు మీదా ఎలా ఉండాలని దేవుణ్ణి అడగాలో కూడా చెప్పాడు. క్లచ్ మీద ఊరికే కాలు ఆనించి నడిపే అలవాటు అతనికి ఉందట. అది కూడా ప్లేటుకు చేటేనట. ఆమె ప్లేటును ముట్టకుండా, చేతులు కొంచెం ఎత్తున చాపి, చాలాసేపు ప్రార్థించింది. అంత చిన్న గొంతుతో ఆమె ప్రార్థించడం నేను అంతకుముందు వినలేదు.

తాతయ్య, నెల్లూరు మిస్త్రీ కలిసి క్లచ్ బిగించారు. ముందు ప్లేటు కరుచుకునే ఇంజను చక్రాన్ని, ఫ్లైవీలును, నున్నగా పట్టించి పెట్రోలుతో కడిగారు. కొత్త లైనింగు ఇంజనుతో పొత్తు కుదిరేదాకా మెల్లగా నడపమని చెబితే, అన్న పది రోజులు మైపాడు రోడ్డు మీద సైకిళ్ళ వెనక తిరిగాడు. "ఏందబ్బయా, ఎద్దులు దొరకలేదా, కట్టేదానికి?" అని చేపల బుట్టల ఆడవాళ్ళు అడిగేవాళ్ళు. అతను తల దించుకుని నడిపేవాడు.

పందేనికి ముందు ఆదివారం, దేవుడు తమ బతుకులో చేసింది ఒక్కొక్కరు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో పెద్దమ్మ లేచింది. ఆ క్లచ్ పందెంలో నిలుస్తుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. నిలిచాక చెప్పినా ఎవరూ తప్పు పట్టరు. అసలు చెప్పకపోయినా, ఆమె కాక ఆ సంగతి తెలిసింది తాతయ్యకూ నాకూ మాత్రమే. ఆమె మాత్రం కొడుకువైపు చూస్తూ, మూడు ప్లేట్లనూ పాడుచేసింది సాతాను కాదు, తానేనని మొదలుపెట్టి, వేలితో గుర్తు పెట్టిన దగ్గరినుంచి రెండువైపులా రుద్దినదాకా ఏదీ దాచకుండా చెప్పింది. మగవాళ్ళ వైపు అన్న రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని పక్కాయన వీపు నిమిరాడు. అతను నవ్వుతున్నాడు. తరువాత సంఘమంతా నవ్వింది, పెద్దమ్మ అందరికంటే ఎక్కువ. ఆ రోజు మా తాతయ్య పళ్ళెం తెస్తే ఆమె రొట్టె తీసుకుంది.

పందెంలో అన్న గెలవలేదు. ఆరోవాడో ఏడోవాడో అయ్యాడు. కానీ ఆఖరి చుట్టుదాకా బండి ఆగలేదు. అక్కడినుంచి ఊరిదాకా తనే నడుపుకుంటూ వచ్చాడు. వాళ్ళ నాన్న మళ్ళీ అమ్మడం మాట ఎత్తలేదు.

తాతయ్యా, పెద్దమ్మా ఇద్దరూ ప్రభువు సన్నిధికి చేరి చాలా కాలమైంది. నా జుట్టు సగం నెరిసింది. ఆ మధ్యాహ్నాన్ని తలచుకుంటే, అంత సులువుగా చెప్పేయగల మాటను ఒక మనిషి తన చేతులతో తెలుసుకునేదాకా ఆయన ఎంత ఓపికగా ఆగాడో ఇప్పుడు తెలుస్తోంది. చెప్పేసి ఉంటే క్లచ్ అప్పుడే బాగయ్యేది. పెద్దమ్మ మాత్రం ఇంకో నెల పళ్ళెం పక్కకు జరిపేదేమో. స్త్రీల కూడికలో ఎవరి పొరపాటు నా కంటపడినా నేను ఇప్పుడు తొందరపడను. వాళ్ళకు దారి చూపించే పని ఏదైనా చేతికిచ్చి, నేను ఇంకోవైపు చూస్తాను.

తాతయ్య దగ్గర అది నేర్చుకోవడం పెద్ద కష్టం కాలేదు. పెద్దమ్మ దగ్గర నేర్చుకోవలసింది ఇంకా పూర్తి కాలేదు. ఫలితం తేలకముందే అందరి మధ్య లేచి, ఇది నేను చేసిందే అని చెప్పడం నా వల్ల ఇన్నేళ్ళలో రెండుసార్లే అయింది. రెండుసార్లూ ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. మూడోది ఒకటి ఇంకా లోపలే ఉంది. దానికోసం ప్రార్థిస్తున్నాను.