ఎక్స్‌రే ఫిల్ముకు పట్టిన నీలం

మా చిన్నప్పుడు... యుద్ధం జరుగుతున్న రోజుల్లో, మదనపల్లెలో మా డ్రాయింగు మాస్టరు తరగతంతా వింటుండగా మాటిచ్చాడు. "మొహానికి అద్దం దిగే యుద్ధం టోపీ ఎవడు చేసుకొస్తే, విమానం నడిపే వీరుడి వేషం వాడిదేరా!" బడి వార్షికోత్సవ నాటకంలో అదే పెద్ద వేషం. పెద్దవాళ్ల మాట నమ్మే వయసు నాది...

పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో రుబ్బాను. అమ్మ చేటలకు మెత్తే గుజ్జే అది. బోర్లించిన తపేలాకు నూనె రాసి, దాని మీద మెత్తి ఎండబెడితే టోపీ అయింది.

చిక్కంతా అద్దంతోనే. మా నాయన మిషన్ ఆస్పత్రిలో వార్డుబాయి. బొమ్మ పడకుండానే మందునీళ్లలో మునిగి, గాజులా తేలిన ఎక్స్‌రే ఫిల్ము ఒకటి పారేస్తుంటే అడిగి తెచ్చాడు. చెంబులో వేన్నీళ్లు పోసి, బయట తడి తుడిచి, చెంబు చుట్టూ ఫిల్ము చుట్టి గుడ్డతో కట్టాను. చల్లారాక విప్పితే వంపు నిలిచింది. తర్వాత నీలం సిరా కలిపిన చన్నీళ్లలో ముంచాను. ఫిల్ము మీద పల్చటి జిగురు పొర ఉంటుంది, రంగును పట్టుకునేది అదే. మూడోసారి ముంచేసరికి వానమబ్బు రంగు దిగింది. కళ్లకు పెట్టుకుంటే మిట్టమధ్యాహ్నమే మా వీధికి సాయంత్రం వచ్చేసింది...

అద్దం బిగించిన టోపీని మాస్టరు అందుకున్నాడు. వేషం మాత్రం పుంగనూరు నుంచి కొత్తగా వచ్చిన మునసబుగారి అబ్బాయికిచ్చాడు.

"యాల సార్?" అన్నాను.

"నీ మొహానికి వీరుడేందిరా? తెర లాగు పో!"

అంతటితో ఆగినా బాగుండేది. "అద్దం జిడ్డుగా ఉండాదే" అని చాకలి సోడా వేసి వేన్నీళ్లతో రుద్దాడు. "వద్దు సార్, రంగు నిలవదు" అంటే మొట్టికాయ వేశాడు. పొరా పోయింది, రంగూ పోయింది. వట్టి ఫిల్ము మీద సిరా పూశాడు ఆ మహానుభావుడు. డ్రాయింగు మాస్టరట!

నాటకంలో పెట్రోమాక్సు వేడికి వీరుడికి చెమట పట్టింది. సిరా కరిగి గడ్డం దాకా కారింది.

"ఓరప్పా, ఈ వీరుని మొహం సూడు... సాకలోళ్ల నీలిమందు తొట్లో పడినట్టుండాడే!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. జనం పడీపడీ నవ్వారు. మునసబుగారు లేచి నిలబడ్డాడు. మాస్టరు వేలు నావైపు తిరిగింది. "వీడు చేసిందేనండీ."

నేను నోరు తెరిచేలోగా మా నాయన పరుగున వచ్చి, తువ్వాలు నడుముకు చుట్టి, చేతులు కట్టుకున్నాడు. "తప్పయిపోయింది దొరా... మావోనికి బుద్ధి లేదు."

అద్దం ఎవరు కడిగారో ఆయనకు తెలుసు. ముందురోజే ఏడ్చి చెప్పాను.

ఇప్పుడు అలాంటి టోపీలు బజారులో వేలాడుతున్నాయి, రంగద్దంతో సహా... గుజ్జు రుబ్బే పిల్లలు లేరు. మాస్టరు మీద నాకు కోపం కూడా లేదు. అల్పుడి దగ్గర ఇంకేం దొరుకుతుంది? కానీ మీ తప్పు కాదని తెలిసీ, మీ తరఫున తలవంచినవాళ్లు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు. మొహమాటపడకుండా వాళ్ల పేరు రాయండి. నా వంతు నేను రాస్తున్నాను... మా నాయన, దావీదప్ప.